గ్యాసు కాదు

దుప్పటి ఒక కొన ఆమె చేతిలో ఉంది, రెండో కొన ఇంకా బకెట్లోనే ఉంది. పిండుతూ పిండుతూ సగంలో ఆగిపోయింది. బొడ్డుకి ఎడమపక్కన ఎవరో లోపల్నుంచి గుప్పిట బిగించినట్టయింది. ఊపిరి నిండుగా తీసుకుంటే ఇంకా బిగుస్తుందని నాలుగేళ్ళుగా తెలుసు కాబట్టి, కొంచెం కొంచెంగా పీలుస్తూ పెరటి గట్టు మీద కూలబడింది. వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు వినబడింది.

“మొదలైందా? రేపు చుట్టాలొస్తున్నారని నీకంటే ముందు నీ కడుపుకి తెలిసిపోతుందమ్మాయ్!”

ఆ మాటలో దుర్మార్గమేమీ లేదు. అత్తగారు నిజంగానే అలా నమ్మింది. ఇంటికి ఎవరైనా వస్తే వంట రెట్టింపవుతుంది, వంట రెట్టింపయిన రోజున కోడలు కడుపు పట్టుకుంటుంది, కాబట్టి ఇది పని తప్పించుకునే నొప్పి. లెక్క సరిపోయింది. చుట్టాలెవరూ రాని రోజుల్లో కూడా కోడలు ఇదే గట్టు మీద కూర్చునేది కానీ, ఆ రోజుల్లో కిటికీలోంచి చూసేవాళ్ళెవరూ ఉండేవారు కారు. ఆ నొప్పితోనే ఆమె దుప్పట్లు పిండింది, ఆరేసింది, చుట్టాలకి పక్కలు వేసింది, ముగ్గురు తిన్న కంచాలు ఎనిమిది మందివయితే అవీ కడిగింది. పని ఒక్కపూట కూడా తప్పలేదు. తప్పించుకోవడం చేతకాని మనిషికి తప్పించుకుంటుందన్న పేరు ఎలా వచ్చిందో ఆమెకి ఎంతకీ అర్థం కాలేదు.

ఆసుపత్రులకి తిరగలేదా అంటే తిరిగింది. తిప్పినవాడు మొగుడు. ఆయనది బస్టాండులో విచారణ కిటికీ దగ్గర ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ బస్సు ఎప్పుడు, ఏ బస్సు ఎక్కడ అని అడిగేవాళ్ళకి జవాబులు చెప్పీ చెప్పీ, ప్రశ్న ఎక్కడ వినిపించినా జవాబు తనదేనన్న అలవాటు పడిపోయింది. పక్కింటావిడ “ఏమ్మా, చిక్కిపోయావేం?” అని ఈవిడని అడిగినా, “వేళకి తినదండీ” అని ఆయన చెప్పేవాడు. డాక్టరు దగ్గర కూడా అంతే. “ఏంటమ్మా ఇబ్బంది?” అని డాక్టరు ఆమె వైపు తిరిగేలోగా, “గ్యాసండీ, నాలుగేళ్ళ నుంచీ. పొద్దున లేటుగా తింటుంది. ఆలోచనలెక్కువ,” అని ఆయన మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. డాక్టర్లకి కూడా మూడు ముక్కల్లో తేలిపోవడం హాయిగానే ఉండేది. మొదటాయన గ్యాసుకి మందు రాశాడు. రెండో ఆయన నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో పుండేమీ లేదన్నాడు. మూడో ఆయన ఆమె మొహంలోకి ఒకసారి, మొగుడి మొహంలోకి రెండుసార్లు చూసి, దిగులు తగ్గడానికి రాత్రి పూట ఒక మాత్ర వేసుకోమన్నాడు. నిజంగానే నటిస్తున్నానా అని ఆమెకే ఒకసారి అనుమానం వచ్చింది. నటనే అయితే నాలుగేళ్ళుగా ఇంత బాగా నటిస్తున్నందుకు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టాలి కదా అనుకుని నవ్వుకుంది. నవ్వితే కూడా నొప్పి పెట్టింది.

ఇంట్లో ఇలా ఉన్న మనిషి పనిచేసే చోట ఇంకోలా ఉండేది. కోట్లు కుట్టే కార్ఖానాలో ఆమెది తనిఖీ ఉద్యోగం. అక్కడందరూ ఆమెని భూతద్దం అనేవారు. మెడపట్టీ వెనక ఒక్క కుట్టు జారినా, లోపలి లైనింగ్ ఒక పక్క అర అంగుళం బిగిసినా ఆమె వేలికి తగిలేది. తగిలాక ఊరుకోవడానికి లేదు, చీటీ రాయాలి. చీటీలో నాలుగు గళ్ళు ఉంటాయి. ఎక్కడ, ఎంత, ఎప్పట్నుంచి, ఎలా తెలిసింది. ‘బాగోలేదు’ అని రాస్తే పెద్దక్క ఆ చీటీ మొహం మీద కొట్టేది. పెద్దక్క అంటే అక్కడి సూపర్‌వైజరు, ముప్ఫయ్యేళ్ళుగా కోట్లతోనే బతికిన మనిషి. “బాగోలేదంటే నీకు బాగోలేదా, కోటుకి బాగోలేదా? ఎక్కడో వేలు పెట్టి చూపించు!” అని కేకలేసేది. పదకొండేళ్ళలో భూతద్దం రాసిన చీటీ ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ చీటీ చూస్తే కుట్టేవాళ్ళు ఎదురు మాట్లాడకుండా విప్పి మళ్ళీ కుట్టేవారు. ఆ గదిలో ఆమె మాటకి తిరుగులేదు.

అలాంటి గదిలోనే ఆ విషయం బయటపడింది. చుట్టాలొచ్చి వెళ్ళిన రెండో రోజున, మధ్యాహ్నం తిన్న కాసేపటికి ఆమె బల్లకి నడుము ఆనించి కళ్ళు మూసుకుని నిలబడింది. పెద్దక్క వచ్చి మెడలో వేలాడే టేపు తీసి, మాటా మంతీ లేకుండా ఆమె నడుముకి చుట్టి చూసింది.

“పోయినేడాది కంటే నాలుగంగుళాలు తగ్గావు. మీ ఆయన చెప్తే ఏమో అనుకున్నాను గానీ, నిజమేనన్నమాట.”

“మా ఆయనా? మీకేం చెప్పాడక్కా?”

“అదేంటే, నీకు తెలీదా? ఆఖరి బల్ల నీకిద్దామని నేననుకుంటున్నప్పుడు ఫోన్ చేశాడు కదా. మా ఆవిడది పాత జబ్బండీ, చాలా నీరసం, పెద్ద బాధ్యతలు పెట్టకండి, ఏడింటి దాకా ఉండలేదు అన్నాడు. పాపం, పెళ్ళాం మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను.”

ఆఖరి బల్ల అంటే బయటికి వెళ్ళే ప్రతి కోటునీ చివరిసారి చూసి ముద్ర వేసే చోటు. అక్కడున్న మనిషి సరేనంటే సరే, కాదంటే కాదు. ఆ పని తనకి ఇస్తారేమోనని ఇంట్లో కూడా చెప్పి, ఆమె ఏడాది పాటు ఎదురు చూసింది, రాకపోయేసరికి తనలోనే ఏదో తక్కువనుకుంది. ఇంట్లో గ్యాసు, బయట పాత జబ్బు! దుప్పట్లు పిండాలంటే నొప్పి లేదు, బల్ల ఎక్కాలంటే మాత్రం నొప్పి ఉంది. ఒకే మనిషి ఒకే నోటితో ఆమె కడుపు గురించి రెండు చోట్ల రెండు మాటలు చెప్పాడు, రెండు చోట్లా నమ్మారు. ఆమె చెప్పబోతే మాత్రం ఎక్కడా ఎవరూ చివరిదాకా వినలేదు. కోపంతో ఆమెకి చెవులు వేడెక్కాయి. ఏడుపు వస్తుందేమోనని చూసింది గానీ రాలేదు. చేతికి అందుబాటులో చీటీల కట్ట ఉంది. అందులోంచి ఒకటి చింపి, కోటు నంబరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసి, రాయడం మొదలుపెట్టింది.

*ఎక్కడ:* బొడ్డుకి ఎడమవైపు రెండు వేళ్ళ కింద. వెల్లకిలా పడుకుని ఒత్తితే నిమ్మకాయంత ముద్ద గట్టిగా తగులుతుంది.

*ఎంత:* తిన్న ముప్పావు గంటకి మొదలై రెండు గంటలు ఉంటుంది. మొదట్లో నెలకి మూడుసార్లు. ఇప్పుడు వారానికి అయిదు.

*ఎప్పట్నుంచి:* నాలుగేళ్ళు. ఎనిమిది నెలలుగా సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. తొమ్మిది కిలోలు తగ్గాను.

*ఎలా తెలిసింది:* తక్కువ తిన్న రోజున తక్కువ నొప్పి. చుట్టాలు వచ్చినా రాకపోయినా ఒకటే.

మర్నాడు సెలవు పెట్టి, రోజూ పనికి వెళ్ళే వేళకే ఇంట్లోంచి బయల్దేరి, పెద్దాసుపత్రికి వెళ్ళే బస్సు ఎక్కింది. మొగుడి కిటికీ ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఆ బస్సు ఎప్పుడని ఆయన్ని అడగలేదు, పలకమీద రాసే ఉంది.

కడుపు జబ్బుల డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, మొహాన అలసట ఉంది గానీ చిరాకు లేదు. ఆమె వెనక కుర్చీ వైపు చూసి, “మీతో ఎవరూ రాలేదా?” అని అడిగింది.

“నేనొచ్చాను కదండీ.”

డాక్టరమ్మ చిన్నగా నవ్వి చెయ్యి చాపింది. ఆమె పాత ఫైలూ, పైన చీటీ ఇచ్చింది. డాక్టరమ్మ చీటీ రెండుసార్లు చదివింది. ఫైలు అటూ ఇటూ తిరగేసి మళ్ళీ చీటీ దగ్గరికే వచ్చింది.

“ఇదెవరు రాశారు?”

“నేనేనండీ.”

“ఈ ఫైల్లో నాలుగేళ్ళ కాగితాలున్నాయి. మీరు రాసింది ఒక్క ముక్క కూడా ఇందులో లేదే!”

“అందులో ఉన్నది మా ఆయన చెప్పిన నొప్పి డాక్టర్. ఇది నాది.”

పడుకోబెట్టి ఒత్తి చూస్తే, రాసిన చోటే, రాసినంతే తగిలింది. డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. ఆ మధ్యాహ్నమే స్కానింగ్ తీయించింది. మర్నాడు బొమ్మని వెలుతురు పలక మీద పెట్టి, పెన్ను కొసతో చూపించింది. పేగుల నడుమ నల్లగా ఉండాల్సిన చోట ఒక తెల్లటి మసక.

“పేగులు కడుపులో ఊరికే కుప్పగా పడి ఉండవమ్మా. వాటిని వెనకవైపు నుంచి ఒక మెత్తటి పొర పట్టుకుని ఉంటుంది. రక్తం వెళ్ళే దారులన్నీ ఆ పొరలోనే ఉంటాయి. మీకు ఆ పొర వాచింది. చాలాకాలంగా వాచి వాచి, మందంగా గట్టిపడి, లోపలికి ముడుచుకుపోతోంది. అందుకే తిన్నప్పుడల్లా పేగు కదలబోతే ఈ పొర లాగుతోంది.”

“లోపల లైనింగ్ కుంచించుకుపోతే పైగుడ్డ ముడతలు పడుతుంది. మేం పైగుడ్డని ఇస్త్రీ చేస్తూ కూర్చోం, లైనింగ్ విప్పి చూస్తాం.”

“అచ్చం అదే! అందరూ పేగుని చూశారు, పొరని చూడలేదు. చాలా అరుదైన జబ్బు లెండి, వాళ్ళనీ పూర్తిగా అనలేం. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. క్యాన్సరు కూడా బొమ్మలో ఇలాగే కనిపిస్తుంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ ఏదో తేల్చలేం.”

భయం వేసింది. దాచుకోవాల్సిన పనేముంది, బాగా భయం వేసింది. మెట్లు దిగుతుంటే హాస్టల్లో చదువుకుంటున్న కూతురు గుర్తొచ్చింది, ఇంకా మూడేళ్ళ చదువుంది. అయినా ఆ భయం అడుగున ఒక నిబ్బరం కూడా ఉంది. లోపం ఉంది, అది ఎక్కడుందో తెలిసింది, తను వేలు పెట్టి చూపించిన చోటే ఉంది. నాలుగేళ్ళుగా తను చెప్పబోయి మింగేసినదంతా నిజమేనని ఒక బొమ్మ ఒప్పుకుంది. చచ్చినా బతికినా ఇక తనని ఎవరూ నటిస్తోందని అనలేరు. ఆ ధైర్యంతోనే ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే, ముందు గదిలో ఉన్న ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది.

మొగుడు నోరు వెళ్ళబెట్టాడు. “నన్ను తీసుకెళ్ళకుండానా?” అన్నాడు.

క్యాన్సరు కావచ్చన్న మాట తర్వాత ఆయనకి తట్టిన మొదటి ప్రశ్న అది. అత్తగారు చేతిలో పని పక్కన పెట్టి, మాట తడబడుతూ, “అంత నొప్పయితే ముందే చెప్పొచ్చు కదమ్మాయ్,” అంది.

“చెప్పాను అత్తయ్యా. గ్యాసన్నారు.”

ఆ రాత్రి మంచం ఎక్కబోతూ మొగుడు అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది. చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ తెలుసు. కార్ఖానాకి చేసిన ఫోను సంగతి అప్పుడే అడిగేసింది. “నీకు కష్టమని...” అని నసిగాడు. “నాకు కష్టమా, ఏడింటి దాకా వంట లేకపోతే మీకు కష్టమా?” అంటే జవాబు రాలేదు. ఆయన దగ్గర జవాబు లేకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ముక్క తీసే రోజున నర్సు ఒప్పుదల కాగితం తెచ్చి, అలవాటుగా మగమనిషి ముందు పెట్టింది. ఆయన కూడా అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె మంచం మీంచే చెయ్యి చాపి, “ఇటివ్వండి, కడుపు నాది,” అంది. నర్సు నవ్వాపుకుంది. ఆమె కాగితం పైనుంచి కింది దాకా చదివి, సంతకం చేసి, పెన్ను ఆయనకి తిరిగి ఇచ్చేసింది. బొడ్డు పక్కన మూడు చిన్న గాట్లు పెట్టి తీశారు. ఫలితానికి పది రోజులన్నారు. ఆ పది రోజులూ ఆమెకి ఆకలి లేదు, నిద్ర లేదు, ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో చూసే ఓపిక లేదు. పదకొండో రోజున డాక్టరమ్మే ఫోన్ చేసింది. క్యాన్సరు కాదు, వాపు జబ్బే. ఆమె ఫోను పెట్టేసి, పెరట్లోకి వెళ్ళి, గట్టు మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది.

మందులు రెండు. ఒకటి స్టెరాయిడు, వాపుని అణచడానికి. రెండోది మామూలుగా రొమ్ము క్యాన్సరుకి ఇస్తారట, ఈ పొర గట్టిపడకుండా కూడా పనిచేస్తుందట. అది క్యాన్సరు మందని ఎవరో మందుల షాపతను చెప్పాడని మొగుడు హడలిపోతే, ఎందుకిస్తారో ఆమే నెమ్మదిగా విడమరిచి చెప్పింది. స్టెరాయిడు మాత్రం చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదని, ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. రెండు నెలలు బరువులెత్తొద్దని కూడా రాసిచ్చింది. అలా ఆ ఇంట్లో దుప్పట్లు మొగుడి చేతికి వచ్చాయి. మొదటివారం ఆయన పిండిన దుప్పట్లు రెండ్రోజులు ఆరలేదు. రెండోవారానికి పట్టు దొరికింది. వంట అత్తగారూ ఆయనా పంచుకున్నారు, ఉప్పు ఎవరు వేశారో తెలియక రెండుసార్లు పడటం, అసలు పడకపోవడం కొన్నాళ్ళు నడిచింది. ఆమె నోరెత్తకుండా తింది. తిన్నాక నొప్పి రాకపోతే ఉప్పు ఒక విషయమే కాదు.

ఆరో వారానికి నొప్పి వారానికి ఒకసారికి తగ్గింది. స్టెరాయిడు వల్ల మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. “బుగ్గలొచ్చాయి, ఒళ్ళు చేశావు, ఇంకా మందులెందుకు?” అన్నారు వచ్చినవాళ్ళు. అత్తగారు కూడా ఒకనాడు, “ఇక ఆపేయకూడదూ? బాగానే ఉన్నావుగా,” అంది. చిక్కిపోయి చస్తున్నప్పుడు ఏ జబ్బూ లేదన్నారు, మందుకి ఉబ్బితే బాగున్నావంటున్నారు. పైగుడ్డని చూసి చెప్పే మాటలకి ఆమె ఇక జవాబు వెతుక్కోలేదు. “బుగ్గలు మందువి అత్తయ్యా. తగ్గడం లోపల జరగాలి, అది డాక్టరమ్మ చూసి చెప్తుంది,” అని మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది.

అత్తగారు వెళ్ళిపోలేదు. ఆరిన బట్టలు ముందేసుకుని మడతలు పెడుతూ, పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెడుతూ కూర్చుంది. చాలాసేపటికి తలెత్తకుండా అడిగింది.

“ఆ డాక్టరమ్మ... మగవాళ్ళని బయట కూర్చోమంటుందా?”

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి. ఎన్నేళ్ళుగా ఏ నొప్పి, ఎక్కడ? మామగారు ఉన్నప్పుడు ఆయనా, ఆ తర్వాత కొడుకూ ఈవిడ తరఫున ఎన్ని జవాబులు చెప్పి ఉంటారు? నాలుగేళ్ళ కోపం అంతా ఒక్కసారిగా పోలేదు గానీ, అందులో కొంత చోటు ఖాళీ అయింది. “మనం అడిగితే అంటుంది అత్తయ్యా. గురువారం వెళ్దాం, మనిద్దరమే,” అంది. అత్తగారు ఊఁ అని, ఈసారి మడత విప్పలేదు. అది కిందికి జారిన గర్భసంచి అని, ఇరవయ్యేళ్ళుగా ఆవిడ దానితోనే వంగి లేస్తోందని, డాక్టరమ్మ పంపిన ఆడవాళ్ళ డాక్టరు దగ్గర ఆ గురువారం తెలిసింది. దానికీ వైద్యం మొదలైంది.

నాలుగో నెల చివర మళ్ళీ స్కానింగ్ తీశారు. ఫలితం చెప్పే రోజున తనూ వస్తానన్నాడు మొగుడు. రమ్మంది. డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కనే పెట్టింది. పాతదాంట్లో ఉన్న మసక కొత్తదాంట్లో పలచబడి, అంచుల్లో దారాల్లా మిగిలింది. మందు బాగా పట్టిందని, ఇక స్టెరాయిడు వారానికి కొంచెం చొప్పున తగ్గిద్దామని, రెండోది ఏడాది దాకా వాడాలని, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలని చెప్పింది. మొగుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన సంతోషం నిజమైనదే, కళ్ళలో కనబడుతోంది. ఆ సంతోషంలోనే ముందుకి వంగి అడిగాడు.

“అయితే ఇక అంతా మామూలే కదండీ డాక్టర్? ఇంటి పనీ అదీ?”

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. కలం పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చుంది.

“మీరు చెప్పండి. ఎలా ఉంది?”

ఆమె తొందరపడలేదు. తన కడుపులో ఏముందో, ఏం లేదో ఒకసారి నెమ్మదిగా తడిమి చూసుకుంది.

“తిన్నాక నొప్పి లేదండీ. మూడు వారాల్లో ఒక్కసారి వచ్చింది, పది నిమిషాల్లో పోయింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం లేదు. సోమవారం నుంచి కార్ఖానాలో ఆఖరి బల్ల తీసుకుంటున్నాను, పెద్దక్కకి నిన్ననే చెప్పాను. ఏడింటి దాకా ఉంటుంది పని.”

“ఏడింటి దాకానా?” మొగుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “మరి వంటా... దుప్పట్లూ... అంటే, నీకు తగ్గేదాకా నేను చూసుకున్నాను గానీ, ఇప్పుడు తగ్గింది కదా? మళ్ళీ మామూలుగా...”

“ఈ నాలుగు నెలలుగా జరుగుతున్నదే మామూలండీ,” అంది ఆమె. “అంతకు ముందుదే జబ్బు.”